తట్టి వినేటోడు

సరిగ్గా పిల్ల పండుకునే మంచానికి పైననే స్లాబు ఉబ్బింది. పెనం మీద రొట్టె పొంగినట్టు సున్నం పొంగి, దాని చుట్టూ తడి మరక పాకింది. నాలుగు రోజులుగా వాన విడుస్తలేదు. పాత క్వార్టరు, రెండే గదులు. ముందు గదిల కిటికీ దిక్కు నీళ్ళు కారుతున్నయి, వెనక గదిల వంట. మంచం జరుపుదామంటే జాగ లేదు.

బుధవారం పొద్దున నవత డ్యూటీకి పోయే తొందరల ఉన్నది. జడ వేసుకుంటూ పైకి చూసి, నోట్ల పిన్నీసు పట్టుకొనే అన్నది. "నాయినా, ఒక్కసారి తట్టి చూడరాదు. గట్టిగున్నదో డొల్లగున్నదో నీకు తెలుస్తది గద."

సీతయ్య చాయ గ్లాసు కింద పెట్టిండు. పైకి చూడలేదు.

మామూలుగా అయితే అది అతన్ని అడగవలసిన పనే. ఇరవై ఎనిమిదేండ్లు బొగ్గుబాయిల అదే పని చేసిండు. బొగ్గు పేల్చినంక పొగ చల్లారంగనే అందరికంటే ముందు లోపలికి పోవాలె. ఎడమ అరచెయ్యి పైకప్పుకు ఆనించాలె, కుడిచేత్తోటి ఇనుప రాడు పట్టుకొని తట్టాలె. గట్టి కప్పయితే కంగుమంటది, అరచేతికి ఏం తెల్వదు. డొల్లయితే సప్పుడు మొద్దుగ వస్తది, అరచేతిల సన్నటి వణుకు పుడతది. ఆ వణుకు పట్టేటోళ్ళు బాయికి నలుగురైదుగురే ఉంటరు. సీతయ్య గట్టిగుంది అంటే మనుషులు తట్టలు పట్టుకొని లోపలికి పోయేటోళ్ళు, డొల్ల అంటే పని చేయించే సర్దారు సుత ఎదురు చెప్పకపోయేది. ఇప్పుడు ఆ రాడు గోనెసంచిల చుట్టి అటక మీద ఉన్నది. ఏడాది నుంచి దాన్ని ఎవ్వరు కిందికి దింపలే.

"మేస్త్రీని పిలువు," అన్నడు.

"ఇంట్ల నువ్వుండంగ మేస్త్రీ ఎందుకు నాయినా?"

సీతయ్య తువ్వాల నెత్తిన వేసుకొని వానల బయటికి పోయిండు. పని లేదు, పోవలసిన చోటు లేదు. కరెంటు స్తంభం కాడ నిలబడి నవత గొడుగేసుకొని బాయి దిక్కు పోయేదాక చూసి, అప్పుడు ఇంట్లకొచ్చిండు. నాలుగేండ్ల మనుమరాలు శ్రావణి గోడకానుకొని దగ్గుతున్నది. ఉబ్బు కనబడ్డ కాడినుంచి తల్లి దాన్ని కింద, వంటింటి గడప పక్కన పండబెట్టుకుంటున్నది. గడప కింద నుంచి జల్లు కొడతది. పిల్లకు రొంప పట్టకుంటే ఏం పడతది?

నవత చేసేది మొగని కొలువే. పోయిన ఏడాది ఇదే వానకాలంల బాయిల కప్పు కూలి మొగడు కుమారస్వామి చనిపోతే, ఆమెకు లాంపు రూంల ఉద్యోగమిచ్చిండ్రు. షిఫ్టు షిఫ్టుకు బాయిల దిగేటోళ్ళకు టోపీ దీపాలు చేతికందిస్తది, ఎక్కి వచ్చినోళ్ళ తాన తీసుకొని చార్జింగుకు పెడతది. ఒక దీపం తిరిగి రాకపోతే ముందుగాల తెలిసేది ఆమెకే. ఇసుంటి కొలువు పగోనికి సుత వద్దు. ఆమె మాత్రం ఒక్కనాడు గూడ ఎక్కువ తక్కువ మాట్లాడలే.

ఆ సాయంత్రం వీరన్న వచ్చిండు. వాళ్ళ శనివారం సంఘానికి ఇప్పుడు అతనే పెద్ద. ఆ సంఘం పుట్టించింది మంగయ్య. బాయిల పంపు ఆపరేటరుగ చేసేటోడు. కోస్తా దిక్కు సర్కారు జిల్లాల ఉన్న ఒక పెద్దాయన తాన సెలవులల్ల హెబ్రీ నేర్చుకొచ్చి, పదిహేను కుటుంబాలకు శనివారం విశ్రాంతి, శుక్రవారం సాయంత్రం దీపం, దావీదు కీర్తనలు అలవాటు చేసిండు. పక్షవాతం వచ్చి మంగయ్య భద్రాచలంల కొడుకు ఇంటికి పోయినంక, వాక్యం చెప్పే బరువు వీరన్న మీద పడ్డది. మంచోడే. మాటకారి. మనిషికి ఆదరణ చెప్పుడు తన బాధ్యత అనుకుంటడు, ఆ అనుకునుడుల కొంచెం ఎక్కువ చెప్తడు.

"శనివారం కుమారస్వామి ఏడాది కూడిక గద అన్నా. ప్రార్థన నువ్వు చెయ్యాలె. పెద్దోనివి, మామవు."

"చేస్త."

"గని తెలుగుల చెయ్యి. హెబ్రీ మంచిదే, మన మంగన్న నేర్పిందే, నేను కాదంటలే. ఆడోళ్ళకు, పిల్లలకు అర్థం గావాలె గద. నోటితోటి చెప్పేది మనసుకు తెలువకపోతే దేవునికి ఏం ముట్టుతది?"

గుమ్మం కాడ నవత పిల్ల నెత్తి తుడుస్తున్నది. తువ్వాలతోటి ఆమె చెయ్యి ఆడుతలేదు, వింటున్నది.

*

తెల్లవారు కోడి కూతకు సీతయ్య లేస్తడు. తలుపు పక్క మూల ఆయనది. ఇంటి మొత్తంల తడి తగలని జాగ అదొక్కటే. అక్కడ చాప, చాప మీద మడిచిన తెల్ల తువ్వాల. ఆ మూలకు ఇంట్ల ఎవ్వరు చెయ్యి పెట్టరు, చీపురు సుత చాప అంచు దాకనే పోతది.

తువ్వాల నెత్తి మీదికెళ్ళి కప్పుకొని గోడ దిక్కు నిలబడి మొదలుపెడతడు. కీర్తన చిన్నదే. మంగయ్య దాని సప్పుళ్ళను తెలుగు అక్షరాలల్ల రాసి ఒక్కొక్క ముక్క నోటికి ఎక్కించిండు. నెల రోజులు పట్టింది. అద్ అనా, అని మొదలైతది. కొంచెం పోయినంక మళ్ళ అద్ అనా. అట్ల నాలుగు సార్లు వస్తది. అర్థం సీతయ్య అడగలే, మంగయ్య చెప్పలే. దేవుని గొప్పతనమే అయి ఉంటదని సీతయ్య నమ్మకం. చెప్పేటప్పుడు ఆ పరాయి సప్పుళ్ళు నోట్ల ఒకటి తర్వాత ఒకటి జాగ్రత్తగ పెట్టుకోవాలె, ఒకటి తప్పితే అంతా కూలుతది. అందుకని ఆ కొద్దిసేపు ఇంకో ఆలోచన రాదు. దినం మొత్తంల అతనికి ఊపిరాడేది ఆ కొద్దిసేపే.

గురువారం ఆయన తువ్వాల తీసేసరికి నవత ఎదురుంగ నిలబడ్డది. చేతిల చెంబు ఉన్నది.

"ఎవ్వలతోని మాట్లాడుతున్నవ్ నాయినా?"

"ఏందా మాట?"

"అడుగుతున్న. ఏడాదాయె, దినాం ఇంటున్న. నువ్వు దేవునితోని మాట్లాడుతున్నవో, నా నుంచి దాసుకుంటున్నవో నాకు సమజైతలేదు. ఇంతకుముందు బాయికి పోయేటప్పుడు గూడ ప్రభువా స్తోత్రం, ప్రభువా స్తోత్రం అనుకుంట పోతుంటివి. అమ్మ పోయిననాడు సుత తెలుగులనే ఏడ్సినవ్. శ్రావణి వాళ్ళ నాయిన పోయినంక నీకు తెలుగు చేదయిందా?"

సీతయ్య చాప మడుస్తున్నడు. మడిచిందే మళ్ళ మడుస్తున్నడు.

"ఆ పొద్దు లోపట ఏమైందో ఎంక్వయిరీ కాగితంల సదువుకున్న. కప్పు అకస్మాత్తుగ పడిందని రాసిండ్రు. దాని కింద నీ సంతకం ఉన్నది. నువ్వు నోటితోటి ఒక్కనాడు నాకు చెప్పలే. శనివారం నలుగురి ముంగట, నీ అల్లుని పేరు వెట్టి, నాకు సమజయ్యే మాటలతోని ప్రార్థన చెయ్యి. గదే చాలు. ఇంకేం అడగ." ఆమె గొంతు పెరగలే. పెరిగితే సీతయ్యకు కొంచెం బాగుండేది. "గది గూడ కాదంటే, నువ్వు ఉండంగ నాకు తండ్రి లేనట్టే అనుకుంట."

చెంబు గట్టు మీద పెట్టి ఆమె లోపలికి పోయింది. సీతయ్య చాప గోడకు ఆనించి, సంచి చేతిల పట్టుకొని బస్సుకు పోయిండు.

*

భద్రాచలం బస్సు నిండ గోదారి ముచ్చటనే. వంతెన మీద డ్రైవరు మెల్లగ నడిపిండు, జనమంత ఒక్క దిక్కుకు వంగి చూసిండ్రు. ఎర్రటి నీళ్ళు, ఎక్కడివో దుంగలు కొట్టుకొస్తున్నయి. రెండో నంబరు ప్రమాద హెచ్చరిక దాటుతదని ఒకాయన, దాటదని ఒకాయన. సీతయ్య మాత్రం చేతులు ఒళ్ళ పెట్టుకొని సీటు వెనక రేకును చూసుకుంట కూసున్నడు.

కరకట్ట దగ్గరి సందుల మంగయ్య కొడుకు ఇల్లు. బియ్యం, బట్టలు, టీవీ అన్నీ అటక మీదికి ఎక్కిచ్చిండ్రు. పిచ్చమ్మ మొగనికి చెంచాతోటి జావ పోస్తున్నది. మంగయ్యకు కుడి దిక్కు మొత్తం పడిపోయింది, మాట మాత్రం మెల్లమెల్లగ తిరిగొచ్చింది. సీతయ్యను చూసి ఎడమ కంటితోటి నవ్విండు.

"రా సీతయ్య తమ్మీ, కూసో," అన్నది పిచ్చమ్మ. "పొద్దుగూకితే మమ్ముల స్కూలుకు పొమ్మంటరేమో. మీ అన్నను ఎట్ల లేపాల్నో నాకు తెలుస్తలేదు."

"వదినే, నేను పట్టుకుంట గాని, జర అన్నతోని మాట్లాడేదున్నది."

ఆమె గిన్నె తీసుకొని లేచింది. సీతయ్య మంచం పక్కన కింద కూసున్నడు. వచ్చిన పని చెప్పిండు. శనివారం కూడిక, వీరన్న మాట, బిడ్డ మాట. "నువ్వే ఒక చిన్న తెలుగు ప్రార్థన చెప్పన్నా. నోటికి పట్టుకొని గట్లనే ఒప్పజెప్త. నా సొంతంగ రాదు."

మంగయ్య మొఖం సీతయ్య దిక్కు తిప్పిండు. "ఆనాడు నా తానికొచ్చి ఏమన్నవ్? యాదికున్నదా?"

యాదికి లేకేం. ఈ లోకంల మంగయ్య ఒక్కనికే చెప్పిండు ఆ ముచ్చట. ఆ పొద్దు లోపలికి అందరికంటే ముందు సీతయ్యనే పోయిండు. అరచెయ్యి ఆనించిండు, రాడుతోటి తట్టిండు. తడుతున్నంత సేపు ఎప్పటిలెక్కనే నోరు స్తోత్రం అంటనే ఉన్నది. ముప్పై ఏండ్ల అలవాటు. దేవుణ్ణి మరువద్దని పెట్టుకున్న అలవాటు. వెనకనుంచి కుమారస్వామి తట్ట దించి, "మామా, ఎట్లుంది?" అన్నడు. గట్టిగుంది, అన్నడు సీతయ్య. అల్లుడు ముందుకు పోయి రెండు తట్టలు నింపిండో లేదో, కప్పు కూలింది. అప్పుడు తెలిసింది సీతయ్యకు, తను కప్పు సప్పుడు వినలేదని. తను విన్నది తన స్తోత్రాన్నే. అరచేతిల వణుకు వచ్చిందో రాలేదో సుత యాదికి లేదు. చెయ్యి కప్పు మీద ఉన్నది గాని మనిషి అక్కడ లేడు.

"స్తోత్రం అని నోరు తెరిస్తే కప్పు కూలిన సప్పుడు వస్తదని చెప్పిన," అన్నడు సీతయ్య. "ఇంక తెలుగుల ప్రార్థన నాతోటి కాదని చెప్పిన."

"అవ్." మంగయ్య మాట కూడబలుక్కోవడానికి ఆగిండు. "అందుకే నీకు తెల్వని మాటలిచ్చిన. ఎరుకున్న మాట నోట్లకెళ్ళి జారిపోతది తమ్మీ. చెవిదాక పోదు. తెల్వని మాట అనాల్నంటే ఒక్కొక్క ముక్కకు చెవి పెట్టాలె. నీకు అనుడు ఎక్కువైంది, వినుడు తక్కువైంది. మళ్ళ వినుడు రానీ అని ఇచ్చిన. అంతే గాని, దాని ఎనక దాసుకోమని ఇయ్యలే."

సీతయ్య నెత్తి వంచుకున్నడు.

"ఇంకోటి. నీ సొంత మాటైతే నువ్వు ఒక్కనివే అంటవ్. గిది ఎన్నడో వేల ఏండ్ల కింద ఒకడు అన్నడు. ఊరు పోయినోడు అన్నడు, కొడుకు పోయినోడు అన్నడు, జైల్ల ఉన్నోడు అన్నడు. అవ్వే సప్పుళ్ళు, మార్చలే. నువ్వు మూల నిలబడి అన్నప్పుడు నువ్వు గూడ గా వరుసల నిలబడ్డట్టే. ఒంటిగ నిలబడే తాకతు నీకు లేకుండె అప్పుడు." ఆయన ఎడమ చెయ్యి మెల్లగ జరిగి సీతయ్య భుజం మీదికొచ్చింది. "అర్థం ఏమనుకుంటున్నవ్ దానికి?"

"దేవుని గొప్పతనం గాదా?"

మంగయ్య సగం నోటితోటి నవ్వబోయిండు. నవ్వు రాలే, కంట్ల నీళ్ళొచ్చినయి. పిచ్చమ్మను పిలిచి దిండు కింద ఉన్న నోటుపుస్తకం తీయించిండు. పాతది, అట్టకు నూనె మరకలు. "ఆఖరు పేజీల దాని తెలుగు రాసిన. నవతకియ్యి."

"నేను సదువద్దా?"

"సదువు, ఎవరొద్దన్నరు. గని నీ అంతట నువ్వు సదువుకుంటే మళ్ళ నీ మాటే నీకు వినబడతది."

పొద్దుగూకక ముందే ఆటో వచ్చింది. సీతయ్య, కొడుకు కలిసి మంగయ్యను ఎత్తి కూసోబెట్టిండ్రు. బస్సెక్కినంక సీతయ్య ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరుల చుట్టి అంగి లోపల కడుపుకు పెట్టుకున్నడు. వంతెన మీద బస్సు మళ్ళ మెల్లగైంది. కిటికీలకెళ్ళి చెయ్యి చాపి జారవిడిస్తే గోదారిల పోతది, ఎవ్వరికి తెల్వదు, తన పొద్దుటి కొద్దిసేపు తనకు మిగులుతది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదంటే అబద్ధం. వంతెన అయిపోయేదాక అంగి మీద చెయ్యి అట్లనే పెట్టుకొని కూసున్నడు.

*

శుక్రవారం పొద్దున సీతయ్య నవత టిఫిను డబ్బా మీద పుస్తకం పెట్టిండు. ఆమె అట్ట చూసి, మంగయ్య రాత గుర్తుపట్టి, డబ్బాతోపాటు సంచిల వేసుకున్నది.

ఆ దినం మొత్తం సీతయ్య పిల్ల కాడనే ఉన్నడు. దవాఖాన నుంచి తెచ్చిన దగ్గు మందు తాగిపిచ్చిండు. కప్పు మీది ఉబ్బు నిన్నటికంటే పెద్దగైంది. అంచున సన్నటి బీట కనబడుతున్నది. పిల్ల మంచమెక్కబోతే రెక్క పట్టుకొని దించిండు. "తాతా, ఎందుకు ఎక్కొద్దు?" అంటే ఎత్తుకొని వంటింట్లకు తీసుకపోయిండు. అటక దిక్కు ఒక్కసారి చూసిండు, మళ్ళ చూడలే.

సాయంత్రం నవత వచ్చింది. కాళ్ళు కడుక్కొని, ఎప్పటిలెక్కనే శుక్రవారం దీపాలు రెండు వెలిగించి, వాటి ముంగట కూసున్నది. పుస్తకం ఒళ్ళ ఉన్నది, తెరిచే ఉన్నది. లాంపు రూంలనే సదివి ఉంటది, మొఖం చూస్తే తెలుస్తున్నది. అన్నం పెట్టింది గాని తను తినలే.

"నాయినా, నీకు దీని అర్థం ఎరుకేనా?"

"ఎరుక లేదు."

"ఒట్టు?"

"మీ అమ్మ తోడు బిడ్డా. ఎరుక లేదు."

ఆమె ఆయన మొఖంలకు చూసింది. ఏడాదిల మొదటిసారి తిన్నగ చూసింది. పుస్తకం మూసి, పిల్లను ఒళ్ళకు తీసుకున్నది. ఆమె తిడితే బాగుండునని, ఏడిస్తే బాగుండునని సీతయ్య చాలసేపు ఎదురుచూసిండు.

*

శనివారం కూడికకు వాన సుత వచ్చింది. రేకుల షెడ్డు మీద దరువేసినట్టు కొడుతుంటే వీరన్న గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది. మొగోళ్ళు ఒక దిక్కు, ఆడోళ్ళు ఒక దిక్కు, నడుమ చాపలు. కుమారస్వామితోని ఒక్క షిఫ్టుల చేసినోళ్ళు పనికి నాగా పెట్టి వచ్చిండ్రు. దేవుని చిత్తం గురించి వీరన్న అరగంట చెప్పిండు. కొన్ని మాటలు బాగున్నయి. అయిపోయినంక, "మన సీతయ్యన్న ప్రార్థన చేస్తడు," అని పక్కకు జరిగిండు.

సీతయ్య లేచి తువ్వాల నెత్తిన వేసుకున్నడు. వాన ఒక్క నిమిషం జర తగ్గింది.

"ప్రభువా," అన్నడు. అక్కడిదాక వచ్చింది. "మా అల్లుడు కుమారస్వామి..."

అంతే. ముంగట కూసున్నోళ్ళు నెత్తులు వంచుకొని ఉన్నరు. ఎవరో దగ్గిండ్రు. ఆఖరికి నోరు దానికి తెలిసిన తొవ్వనే పట్టింది.

"అద్ అనా..."

వీరన్న తల ఎత్తిండు. సీతయ్య మొదటి వరుస చెప్పి ఊపిరి తీసుకున్నడు. ఆ సందుల, ఆడోళ్ళ దిక్కు నుంచి నవత లేచి నిలబడ్డది. చేతిల పుస్తకం ఉన్నది. సదివినట్టు గాక, ఇంట్ల మాట్లాడినట్టే అన్నది.

"ఎన్నాళ్ళు దేవా? నన్ను ఇంక మొత్తానికే మరిచిపోతవా?"

సీతయ్యకు అర్థం కాలే. ఆమె తన మాట తను అంటున్నదనుకున్నడు. ఆపితే మొత్తం కూలుతదని భయంతోని రెండో అద్ అనా ఎత్తుకున్నడు. వరుస అయిపోంగనే ఆమె మళ్ళ అన్నది. ఈసారి పుస్తకం చూడలే, తండ్రినే చూసింది.

"ఎన్నాళ్ళు నాకు మొఖం చూపియ్యకుండ దాసుకుంటవ్?"

మూడోది సీతయ్య మెల్లగ, ఒక్కొక్క ముక్క చెప్పిండు.

"ఎన్నాళ్ళు నాలో నేనే ముచ్చట పెట్టుకోవాలె? పొద్దంత గుండెల గీ దుఃఖం మోసుకుంట తిరగాలె?"

నాలుగోది సీతయ్య చెప్పలే. అప్పటికి తెలిసిపోయింది. ఏడాది పొడుగూతా, కోడి కూతకు లేచి, తువ్వాల కప్పుకొని, స్తోత్రమనుకొని చెప్పుకున్నదంత నిలదీసుడు. దేవునితోని కొట్లాడొద్దని పరాయి భాషల జొరబడ్డడు, అక్కడ మూడువందల అరవై దినాలు కొట్లాడుతనే ఉన్నడు. ఆ కొట్లాట దేవుని పుస్తకంలనే ఉన్నది. ఎవడో తనకంటే ముందు రాసి పెట్టిండు. అవే మాటలు ఇప్పుడు బిడ్డ నోట వస్తుంటే, అవి తనను అడుగుతున్నవని విన్నడు. బాగ విన్నడు. ఒక్క ముక్క జారిపోలే.

తువ్వాల నెత్తి మీదికెళ్ళి తీసి చేతిల పట్టుకున్నడు.

"నవతా," అన్నడు. "ఆ పొద్దు నేను తట్టిన బిడ్డా. గని వినలే."

వెనకున్నోళ్ళు వినబడేటట్టు ముందుకు జరిగిండ్రు.

"నోట్ల స్తోత్రం నడుస్తున్నది. నా స్తోత్రమే నాకు వినబడ్డది. కప్పు ఏమన్నదో నేను వినలే. ఎట్లుంది మామా అని అడిగిండు నీ మొగడు. గట్టిగుంది అన్న. వినకుండనే అన్న. కాగితం మీద అకస్మాత్తుగ అని రాస్తే దాని కింద సంతకం పెట్టిన. గది అకస్మాత్తు గాదు."

"సీతయ్యన్నా, గట్ల అనుకోవద్దు," అన్నడు వీరన్న ముందుకొచ్చి. "దేవుని చిత్తం లేంది..."

"వీరన్నా, ఆగు," అన్నది నవత. "చెప్పనియ్యి."

సీతయ్యకు ఇంక చెప్పేది లేదు. ముప్పై ఏండ్లు దేవునితోని ముచ్చటాడిన మనిషికి చెప్పవలసింది అంతే మిగిలింది. నిలబడ్డ తాననే కూసున్నడు. మొగోళ్ళల్ల ఒకరిద్దరు మొఖాలు తిప్పుకున్నరు, ఒకాయన లేచి బయటికి పోయిండు. ఆయన గూడ ఆ కప్పు కిందికే పోయేటోడు.

వీరన్న నవత చేతిల పుస్తకంలకు వంగి చూసి, చిన్న గొంతుతోని అన్నడు. "అమ్మా, ఆఖర్న రెండు వరుసలు మంచియున్నయి. నిన్నే నమ్ముకున్న, నీకు పాట పాడుత అని. అవి గూడ సదువు, అందరికి కొంచెం..."

"నాకవి ఇంక రాలే," అన్నది నవత. పుస్తకం మూసింది. పిల్లను ఎత్తుకొని వానలనే ఇంటికి పోయింది. గొడుగు తీసుకపోలే.

*

ఆదివారం తెల్లవారు కోడి కూసింది. సీతయ్య లేచిండు గాని మూలకు పోలే. ఆ మాటలు ఇప్పుడు అర్థమైనయి, అంటే మళ్ళ జారిపోతయేమోనని భయం. గోడకానుకొని కూసున్నడు. రాత్రి బిడ్డ అన్నం గిన్నె ముంగట పెట్టింది, మాట్లాడలే. పెట్టింది గద, అని ఒక్కటే అనుకున్నడు.

తెల్లారినంక నవత వంటింట్లకెళ్ళి స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టి గోనెసంచి లాగింది. దుమ్ము నెత్తిన పడ్డది, దులుపుకోలే. సంచి విప్పి రాడు బయటికి తీసింది. కొనకు తుప్పు పట్టింది. కొంగుతోటి ఆ కొన తుడిచి తండ్రి ముంగటికి చాపింది.

ఆయన దాన్ని చూసిండు. ఆమె మొఖం చూసిండు. ఆ మొఖంల క్షమించినట్టు లేదు, కోపం లేదు, నిద్రలేని కండ్లున్నయి.

"పిల్ల పండుకునే తావు," అన్నది. "చూడు."

సీతయ్య రాడు తీసుకున్నడు. స్టూలెక్కిండు. ఎడమ అరచెయ్యి పైకెత్తి స్లాబుకు ఆనించిండు. చల్లగ, తడిగ తగిలింది. నవత పోయి వంటింట్ల మోగుతున్న రేడియో బంద్ చేసింది. నల్లా కట్టేసింది. శ్రావణి ఏదో అడగబోతే ఒళ్ళకు లాక్కొని, పెదాల మీద వేలు పెట్టింది. "సప్పుడు చెయ్యకు. తాత వింటుండు."

ఆయన నోరు మూసుకొని ఉన్నడు. స్తోత్రం లేదు, హెబ్రీ లేదు. ఒక్కసారి తట్టిండు. జర పక్కకు తట్టిండు. అరచెయ్యి జరిపి మళ్ళ తట్టిండు, మళ్ళ. నాలుగు దెబ్బలు, ఒక్కొక్క దాని వెనక అది పూర్తిగ ఆగిపోయేదాక ఉన్నడు. ఇంత విన్నది ఈ మనిషి ఎన్నడు లేదు, ఏ ప్రార్థనల లేదు.

"ఎట్లుంది?" అన్నది నవత.

కుమారస్వామి అడిగిన మాటే అది. ఆమెకు ఆ మాట యాదికుండే అడిగిందో, ఊకెనే అడిగిందో. సీతయ్య మళ్ళ అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకొని, అయిదోసారి తట్టిండు. సప్పుడు మొద్దుగ వచ్చింది. అరచేతిల సన్నటి వణుకు పుట్టి మణికట్టుదాక పాకింది.

"డొల్లగున్నది బిడ్డా," అన్నడు.

నవత నెత్తి ఊపింది. పిల్లను కిందికి దించి, మంచం కాళ్ళ దిక్కు వంగి పట్టుకున్నది. ఎక్కడికి జరపాల్నో తెలువక చుట్టూ చూసింది.

"నా మూలకు," అన్నడు సీతయ్య స్టూలు దిగుకుంట. "అక్కడ తడి లేదు. గట్టి తావు."

"నువ్వేడ కూసుంటవ్?"

"ఏడనో ఒక తాన."

చాప, తువ్వాల తీసి గట్టు మీద పెట్టిండు. రాడు గోడకు ఆనించి, మంచం తల దిక్కు తను పట్టుకున్నడు. ఇద్దరు కలిసి లేపిండ్రు.

"మెల్లగ," అన్నది నవత. "కాళ్ళ మీద పడేను."